నాయనమ్మ మునిగిన కాలవ

ఈస్టర్ వెళ్ళిన వారంలోనే మా అమ్మాయి స్నేహ అన్నం తింటూ తింటూ ఒక బాంబు పేల్చింది. అందుకే ఈ ప్రయాణం. లేకపోతే ఏప్రిల్ ఎండల్లో బస్సెక్కి వుయ్యూరు అవతలికి వెళ్ళే సరదా నాకేం లేదు.

మేం ఉండేది విజయవాడ ఆటోనగర్ వెనకాల. మా ఆయనకి సొంత షెడ్డు, లేతు మిషను పని. మా చర్చి సంఘంలో ఆయన పెద్ద, నేను సండే స్కూలు టీచర్ని. ప్రతి ఈస్టర్‌కీ పిల్లల చేత నాటిక వేయిస్తాను. తెల్లవారుజామున ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని ప్రభువు సమాధి దగ్గరికి వెళ్తారు. రాయి తొలగి ఉంటుంది, లోపల దేహం ఉండదు. "లేచాడు, లేచాడు" అని అరుచుకుంటూ పరుగు పరుగున ఊళ్ళోకొస్తారు. ఆ పరుగు దగ్గర నేను తబలా కూడా వాయింపిస్తాను. హాలంతా చప్పట్లు.

స్నేహ డిగ్రీ చివరి సంవత్సరం, హిస్టరీ. పప్పులో నెయ్యేసుకుంటూ అంది కదా, "అమ్మా, నాలుగు సువార్తల్లో ముందుగా రాసినదని పండితులు చెప్పేది ఒకటుంది. దాని బాగా పాత ప్రతుల్లో ఈ అరుపులూ పరుగులూ లేవు. ఆడవాళ్ళు భయపడి పారిపోతారు, ఎవరికీ ఏమీ చెప్పరు. అంతే, అక్కడితో ఆఖరు. తరవాత వచనాలు ఎవరో ఆనక చేర్చారంటారు. కొన్ని తెలుగు బైబిళ్ళలో కూడా అడుగున చిన్నక్షరాల్లో వేస్తారు, చూసుకో."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"వాళ్ళు ఎవరికీ చెప్పకపోతే లోకానికెలా తెలిసింది? అది తేలకుండా నీళ్ళలో నిలబడి నమ్ముతున్నానని ఎలా చెప్పనమ్మా?"

వచ్చే ఆదివారం దాని బాప్తిస్మం. వ్యాను మాట్లాడాం, బిర్యానీ చెప్పాం, బంధువులందరికీ ఫోన్లయిపోయాయి. మా సంఘంలో టైల్స్ వేసిన తొట్టి ఒకటుంది గానీ మా పుట్టింటివాళ్ళెవరం అందులో దిగలేదు. మా తాతయ్యా నాయనమ్మా, మా నాన్న, నేను, అందరం వుయ్యూరు అవతల మా ఊరి కాలవలోనే మునిగాం. పిల్ల కూడా అక్కడే మునగాలని పట్టుబట్టింది నేనే.

మా ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చెయ్యి కడుక్కొచ్చి, "పిల్ల వద్దంటే నేను పెద్దరికం మానుకుంటాను. ఇంట్లో పిల్లకి చెప్పుకోలేనివాణ్ణి సంఘానికేం చెప్తాను" అన్నాడు. నా భయం వేరు. ఈసారి ఒడ్డు మీంచి వెనక్కి తిరిగిందంటే ఇది మళ్ళీ ఆ వైపు రాదు. నా కడుపున పుట్టిన పిల్ల, నాకు తెలుసు.

అందుకని నాకు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి దగ్గరికి దాన్ని లాక్కెళ్ళాలని తీర్మానించాను. పాస్టర్‌గా రిటైరై ఆ ఊళ్ళోనే పాత చర్చి పక్కన ఉంటున్నారు. ఆయన నాలుగు వాక్యాలు చెప్తే ఏ హిస్టరీ అయినా తోక ముడవాల్సిందే అనుకున్నాను.

శుక్రవారం ఉదయం ఏడింటికల్లా ఆటోనగర్ గేటు స్టాపులో నిలబడ్డాం. మీరెవరైనా అటు వెళ్ళేట్టయితే ఏడు దాటనివ్వకండి, ఆ తరవాత కాలేజీ పిల్లలెక్కి ఊపిరాడనివ్వరు. ఆడవాళ్ళకి టికెట్ ఫ్రీ కదా, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోవాలి. నాది హ్యాండ్‌బ్యాగు అడుగున ఇరుక్కుంది. తీసేలోపు కండక్టరు, "తొందరేం లేదులెండి మేడమ్, బందరు దాకా వెతుక్కోండి" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను.

కంకిపాడు వచ్చేదాకా మా ఇద్దరికీ గుసగుసల్లోనే యుద్ధం. చివరికి నేను నా బ్రహ్మాస్త్రం తీశాను.

"ప్రతులూ గితులూ నాకు తెలీదు. మా తాతయ్య సంగతి చెప్పు. మా వీధిలో మొట్టమొదట నమ్మినవాడు ఆయన. చచ్చేంత జ్వరంలో ఉంటే దేవుడే స్వయంగా ఆయన చెవిలో మాట్లాడాడు. ఇంకెవరో కాదు, దేవుడు! లేచి నేరుగా వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు, వెనకాలే మా నాయనమ్మ. ఇది ఎవరు రాసిన ప్రతి? మనింట్లో జరిగింది."

ఈ సాక్ష్యం నేను ఎన్ని కూడికల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. స్నేహ మాత్రం, "దేవుడు తెలుగులో మాట్లాడాడా?" అంది. చెంప పగలగొట్టేదాన్నే, బస్సని ఊరుకున్నాను.

ముందు సీట్లో ఉన్నాయన వెనక్కి తిరిగాడు. చూస్తే ఖాదర్ గారు. ఆటోనగర్‌లో మా షెడ్డుకి రెండు వీధుల అవతల ఆటో సీట్లకి రెగ్జిన్ కుడతారు. వుయ్యూరులో కూతురింటికి వెళ్తున్నారట.

"తప్పుగా అనుకోకండమ్మా, చెవిన పడింది. మా గ్రంథంలో కూడా మరియమ్మ గారున్నారండీ. ఆవిడ పేరు మీద ఒక అధ్యాయమే ఉంది."

"మరియమ్మ పేరుతోనా? మీ దాంట్లోనా?" నిజంగా నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళుగా ఈయన దగ్గర సీట్లు కుట్టించుకుంటున్నాం, ఈ ముక్క ఎవరికి తెలుసు!

"ఖర్జూర చెట్టు కింద ఒక్కతే కన్నదండీ పాపం, నొప్పులు పడుతూ. బిడ్డనెత్తుకుని ఊళ్ళోకొచ్చింది. అందరూ చుట్టుముట్టి ఏమిటిదని అడిగారు. ఆవిడ మాత్రం నోరు విప్పలేదు, ఇవాళ ఎవరితోనూ మాట్లాడనని మొక్కుకుని ఉంది. బిడ్డ వైపు చూపించిందంతే."

స్నేహ సీట్లోంచి ముందుకి వంగింది. "ఇక్కడా చెప్పలేదా!"

"మరి నేరం మోపడానికి తయారుగా ఉన్నవాళ్ళకి ఏం చెప్తుందమ్మా" అన్నారాయన. వుయ్యూరులో దిగేటప్పుడు ఇద్దరికీ చెరో బత్తాయి ఇచ్చి వెళ్ళారు. నేను తినలేదు. ఒక్క ప్రశ్నని వెంటేసుకొస్తే రెండయ్యాయేమిట్రా దేవుడా అని తల పట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకి వుయ్యూరు బస్టాండు. చెరుకు సీజను అయిపోయినట్టుంది, రోడ్డంతా ఆక్రమించే ట్రాక్టర్లు ఒక్కటీ లేవు. బస్టాండు ఎదుట కాకా హోటల్లో పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి బావుంది, కాఫీ మాత్రం వద్దు. అక్కణ్ణించి మా ఊరికి షేర్ ఆటో. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఆరుగురు, ఎవరి ఒళ్ళో ఎవరున్నామో దిగాక గానీ తెలియలేదు. తొమ్మిదిన్నరకి చర్చి ముందు దిగాం.

అయ్యగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. బాగా తగ్గిపోయారు గానీ గొంతు అదే, పాత గంటలాగా. "వందనాలు అయ్యగారూ" అన్నాను. "ఎవరూ, కరుణేనా! ఆదివారం పిల్ల బాప్తిస్మం పెట్టుకుని ఇటొచ్చారేం?" అని నవ్వారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, లోపల్నించి మజ్జిగ గ్లాసులతో వచ్చారు.

నేను మెల్లిగా ఎత్తుకుందామనుకుంటుంటే స్నేహ నేరుగా అడిగేసింది, పాత ప్రతులూ ఆడవాళ్ళూ భయమూ అన్నీ. నేను దాని మోచేయి గిల్లుతూనే ఉన్నాను. అయ్యగారు ఉగ్రులైపోతారనీ, ఆ గొంతు పెంచి దీనికి బుద్ధి చెప్తారనీ చూస్తున్నాను.

"నిజమేనమ్మా" అన్నారు.

నాకు వినబడింది తప్పేమో అనుకున్నాను.

"సెమినరీలో మాకు చెప్పారు. చివరి ఆకు పోయిందనేవాళ్ళున్నారు, కావాలనే అక్కడ ఆపాడనేవాళ్ళున్నారు. మిగతా సువార్తల్లో వాళ్ళు శిష్యులకి చెప్పారనే ఉంది. దీంట్లో మాత్రం పాత ప్రతుల్లో అంతవరకే."

"మరి మాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది. "నలభై ఏళ్ళు పుల్‌పిట్ ఎక్కి వాక్యం చెప్పారు. పరుగెత్తుకొచ్చి చెప్పారనే కదా మాకు నేర్పారు? నేను తబలా కొట్టించి మరీ ఆడిస్తున్నానే!"

"భయమమ్మా" అన్నారాయన. "చెప్తే మీరంతా ఏమైపోతారోనని."

"ఎవరికీ చెప్పకపోతే ఎలా తెలిసిందంటారు అయ్యగారూ?" స్నేహ మర్యాదగానే అడిగింది.

"నాకు తెలీదమ్మా."

ఎవరి మీద భరోసా పెట్టుకుని వచ్చానో ఆయనే చేతులెత్తేశారు. ఇంక ఆదివారం ఏముంది, వ్యాను ఏముంది, మా ఆయన పెద్దరికం ఏముంది! స్నేహకి గెలిచిన ముఖం కూడా లేదు. చెప్తారనే ఆశతోనే వచ్చిందేమో, తల దించుకుని కూర్చుంది.

పదకొండున్నరకే అమ్మగారు అన్నాలకి లేపారు. మామిడికాయ పప్పు, వంకాయ ఎండురొయ్యలు. ఆవిడ అయ్యగారికి మారు వడ్డిస్తూ, మామూలుగా, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అన్నారు.

"చెప్పే ఉంటారులే అమ్మా. మగాళ్ళకి చెప్పి ఉండరు."

అయ్యగారు తలెత్తారు.

"ఈ కరుణ వాళ్ళ నాయనమ్మ లేదూ, మార్తమ్మ? ఆవిడ చెప్పిందా ఎవరికైనా?"

"మా నాయనమ్మ ఏం చెప్పలేదు?" అన్నాను నేను.

అమ్మగారు గరిటె కింద పెట్టి కూర్చున్నారు. అయ్యగారి తల్లి శాంతమ్మగారు ఆ రోజుల్లో బైబిల్ ఉమన్. అంటే పల్లెలు తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే మనిషి. మా వీధికొస్తే మా తాతయ్య కోటయ్య కర్ర పుచ్చుకుని తరిమేవాడట. మా తాతయ్య! నమ్మినవాళ్ళలో మొదటివాడని నేను ఊరూరా చెప్పుకున్న మనిషి! కర్రతో!

"అందుకని అత్తగారు పొలం గట్ల మీద కలిసేవారు. మీ నాయనమ్మ నమ్మింది. బాప్తిస్మం కావాలంది. కాలవలో అందరూ చూస్తుండగా దిగితే మొగుడు చంపేస్తాడు, ఆసామి పనికి పిలవడు. ఒకరోజు నాట్లయ్యాక ఆడకూలీలంతా ఒంటి బురద కడుక్కోడానికి కాలవ లాకు దగ్గర దిగారు. అందరూ మునుగుతున్నారు, లేస్తున్నారు. వాళ్ళ మధ్యలో అత్తగారు ఈవిణ్ణి ముంచి లేపేశారు. పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు."

"అమ్మా?" అన్నారు అయ్యగారు. చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. "మా అమ్మ బాప్తిస్మం ఇచ్చిందా? ఆడమనిషి? నాతో ఒక్క మాటైనా..."

"చెప్తే మీరేం చేసేవారు? కమిటీ వేసి, చెల్లదని తీర్మానం రాసి, ఆవిణ్ణి మళ్ళీ ముంచేవారు."

ఆవిడ చెప్పేది ఇంకా అవ్వలేదని అప్పుడు నాకు తెలీదు.

"అయిదారేళ్ళు నోరు మెదపలేదు మీ నాయనమ్మ. మీ తాతకి విషజ్వరం వచ్చింది, బతకడనుకున్నారు. స్పృహ లేదు కదా, వినడులే అనుకుని ఆవిడ చెవి దగ్గర వంగి రోజూ ప్రార్థన చేసింది. తనకి తెలిసిన వాక్యమంతా చెప్పుకుంది. ఆయన లేచాడు. లేచి, దేవుడు నాతో మాట్లాడాడే అన్నాడు."

పళ్ళెం జరిపి లేచి నిలబడ్డాను. "అమ్మగారూ, వద్దు. అది మా ఇంటి సాక్ష్యం. దేవుని స్వరం అది. మా తాతయ్య విన్నది దేవుని స్వరం!"

"కాదని నేనన్నానా?"

"మా నాయనమ్మ గొంతంటున్నారుగా!"

"ఆ గొంతే. ఆవిడే అత్తగారికి చెప్పి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వేదట, అత్తగారు నాకు చెప్పారు. ఆయన సంతోషం ఎందుకు చెడగొట్టడమని, నేనే అని చెప్పలేదు. ఆయన బాప్తిస్మం తీసుకున్నరోజు పక్కనే ఈవిడా మళ్ళీ దిగింది. రెండుసార్లు మునగొచ్చా అని అత్తగారు అడిగితే, మునిగితే ఏం, కాలవ తరిగిపోద్దా అందట."

నాకు ఏడుపొచ్చింది. అమ్మగారి మీద కోపం, తాతయ్య మీద కోపం, ఎందుకో మా నాయనమ్మ మీద మరీ కోపం. మా నాన్న కూడా ఇది తెలియకుండానే పోయాడు. కూడికల్లో నేను చెప్తుంటే ఆవిడ చాప మీద కూర్చుని విన్న రోజులున్నాయి. తల ఊపుతూ విన్నది, నా ముఖంలోకే చూస్తూ!

స్నేహ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అమ్మగారూ, ఇది ఆ సమాధి దగ్గర ఏం జరిగిందో చెప్పే రుజువు కాదు" అంది.

"రుజువని ఎవరన్నారే పిల్లా? ఎలా తెలిసిందని అడిగావు. మీ ఇంట్లో ఎలా తెలిసిందో చెప్పాను."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మరి?"

"అడిగినవాళ్ళెవరు? దానికితోడు ఈయన ఉద్యోగంలో ఉన్నారు, నాకూ భయమేగా" అన్నారావిడ, అయ్యగారి వైపు చూసి. అయ్యగారు ఇంకా పళ్ళెంలోకే చూస్తున్నారు. "లాకుకి ఎగువనా దిగువనా?" అని మాత్రం అడిగారు.

ఎండ కాస్త తగ్గాక మూడున్నరకి నలుగురం అక్కడికి బయల్దేరాం. ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచారు. గట్టెక్కి చూసి నేను నిలువునా కొయ్యబారిపోయాను.

కాలవలో నీళ్ళు లేవు.

అడుగున బురద, అక్కడక్కడా మడుగులు. ఒకాయన లుంగీ ఎగ్గట్టి మడుగులో చేపలు దేవుతున్నాడు. "మొన్న కట్టేశారండీ. మళ్ళీ జూన్‌లోనో జులైలోనో" అన్నాడు.

హవ్వ! వ్యాను మాట్లాడాను, బిర్యానీ చెప్పాను, తెల్లచీర కుట్టుపనికిచ్చాను, కాలవలో నీళ్ళుంటాయా అని ఒక్కరినీ అడగలేదు! ఈ గట్ల మీద పుట్టి పెరిగినదాన్ని, ఎండాకాలం కాలవ కట్టేస్తారని నాకు తెలీదూ? ఆటోనగర్‌లో కుళాయి నీళ్ళు తాగి తాగి మర్చిపోయాను. "మీరైనా చెప్పొచ్చుగా అయ్యగారూ" అంటే, "మీ సంఘంలో తొట్టి ఉందిగా, అందులో అనుకున్నాను" అన్నారాయన.

స్నేహ చెప్పులు విడిచి కాలవలోకి దిగింది. "ఎక్కడ అమ్మగారూ?" అని కేకేసింది. అమ్మగారు గట్టు మీంచి చెయ్యి చూపించారు, ఇంకా ఇటు, ఇంకాస్త ఇటు, ఆ మెట్టు ఎదురుగా. స్నేహ అక్కడికెళ్ళి చీలమండల దాకా బురదలో నిలబడింది.

అయిదింటి ఆటోకి వుయ్యూరు వచ్చాం. బస్టాండులో ముంజలు కొంటుంటే మా ఆయన ఫోను. ఆదివారం కుదరదు, కాలవ కట్టేశారంటే కాసేపు ఎగిరాడు. ఎగిరి ఎగిరి, గొంతు తగ్గించి అడిగాడు, "పిల్ల ఏమంది?" పాపం, అదీ ఆయన అసలు బెంగ. ఏం చెప్పను? ఇంటికొచ్చి చెప్తానని పెట్టేశాను.

"నీళ్ళు వదిలాక చూద్దాంలే అమ్మా" అంది స్నేహ పక్కనుంచి. "ఔనని కాదు, కాదనీ కాదు. అప్పటికి ఇంకొంచెం చదువుకుంటాను. తొట్టిలో మాత్రం వద్దు."

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఈ రోడ్డు మీద నేను కొన్ని వందలసార్లు తిరిగాను, ఇంత ఖాళీ చేతులతో ఎప్పుడూ రాలేదు. పొద్దున నా దగ్గరున్న నాటికా లేదు, తాతయ్య సాక్ష్యమూ లేదు. అయినా కంకిపాడు దాటుతుంటే మా నాయనమ్మ గొంతు ఎలా ఉండేదా అని గుర్తు చేసుకుంటున్నాను. బొంగురుగా, తగ్గుస్థాయిలో ఉండేది. జ్వరం చెవులకి దేవుడిలాగే వినిపించి ఉంటుంది. ఆ మాట అనుకున్నానని నాకే భయమేసింది. అలా అనుకోవచ్చో లేదో అయ్యగారిని అడగాల్సింది.

ఇంతలో పక్కనుంచి స్నేహ మాటలు చెవిన పడ్డాయి. దాని పక్కన పూలబుట్టతో ఒకావిడ కూర్చుంది. కాళ్ళకి ఆ బురదేమిటమ్మా అని అడిగినట్టుంది. నా కూతురు, సాక్ష్యం చెప్పమంటే ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు విప్పని పిల్ల, మొదట్నించీ చెప్పుకొస్తోంది. "మా తాతమ్మ అండీ, నాట్లు వేసేది..." కర్ర, లాకు, జ్వరం, రెండోసారి మునగడం, ఏదీ వదల్లేదు. బస్సులో నలుగురూ వింటున్నారు. పొద్దున్నయితే నోర్మూసుకోమనేదాన్ని. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

పూలావిడ అంతా విని, బుగ్గన వేలేసుకుని అడిగింది, "ఎవరికీ చెప్పలేదంటున్నావు, మరి మీకెలా తెలిసిందమ్మా?"

స్నేహ గిర్రున నా వైపు తిరిగింది. నోరు తెరుచుకుని ఉంది. అది అడిగిన ప్రశ్నే దానికి తిరిగొచ్చింది. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "ఆడవాళ్ళు చెప్పారండీ" అంది.

ఏడింటికి ఆటోనగర్ గేటు దగ్గర దిగేసరికి మా ఆయన బండి మీద కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపనైనా ఆపలేదు. "ఏమన్నారు అయ్యగారు?" అన్నాడు.

"అయ్యగారికి తెలీదంట. ముందు బండి ఆపి స్టాండెయ్యండి" అన్నాను. "అమ్మగారు చెప్పింది చెప్తాను."